గంట మోగితే నిలబడాలి

మా ముత్తాత ఈ నల్లరేగడి మీద మొట్టమొదటి జిన్నింగు మిల్లు పెట్టిన మనిషి. పత్తి బళ్లు తెల్లవారకముందే మిల్లు గేటు దగ్గర బారులు తీరేవని, ఆయన అరుగు మీదికి వచ్చి కూర్చునేదాకా కాటా మీదికి మొదటి పత్తి బోరెం ఎక్కేది కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత ఈ ఊరికి మునసబు. పక్క ఊళ్ల తగాదాలు కూడా మా వాకిట్లోకే వచ్చేవి. ఆయన తీర్పు చెప్పాక రెండు పక్షాలవాళ్లూ కండువాలు దులుపుకుని లేచిపోవడమే తప్ప మళ్లీ నోరెత్తినవాడు లేడు. మిల్లు నడిచినన్నాళ్లు నడిచి మూతపడ్డాక, దాని గోడల ఇటుకతోనే ఆయన ఊరికి బడి కట్టించాడు. మా నాన్న ఆ బడికి కరస్పాండెంటు. ఆయన తర్వాత నేను. పొలాలు ఎటు పోయాయో, మేడ ఎవరి చేతికి వెళ్లిందో ఇక్కడ రాయను. నా దాకా మిగిలింది బడి ఒకటి, దాని వరండాలో దూలానికి వేలాడే కంచు గంట ఒకటి.

ఆ గంట మిల్లుది. ఇంజను బెల్టులు తిరగడం మొదలయ్యే ముందు దాన్ని కొట్టేవారట. గంట మోగితే మిల్లులో ఎక్కడి మనిషి అక్కడ నిలబడిపోవాలి. రెండు చేతులూ కనపడేలా గుండెల ముందు జోడించి పట్టుకోవాలి. చివరి దెబ్బ ఆగేదాకా కదలకూడదు. ఈ నియమం ఎందుకు పెట్టాడో ముత్తాత ఎవరికీ చెప్పలేదు. ఎవరిదో ఒక చెయ్యి యంత్రంలో పోయాక పెట్టాడని, మిల్లు మూతపడిన చాలా కాలానికి ఒక ముసలి కూలీ మా తాతతో అన్నాడని మాత్రం విన్నాను.

బడి తెరిచినప్పుడు తాత గంటతోపాటు ఆ నియమాన్ని కూడా బడిలోకి తెచ్చాడు. చేతిపంపు దగ్గర నీళ్లు తాగే పిల్లయినా, ఆలస్యమై వీధి మలుపులో పరిగెత్తే పిల్లాడైనా, గంట వినపడిన చోటే నిలబడి చేతులు జోడించాలి. మా బడిలో ప్రార్థన అంటే అదే. పాట లేదు, పద్యం లేదు. నేనూ దాన్ని అలాగే నిలబెట్టాను. ఆ కాసేపూ బడి అంతా బొమ్మల కొలువులా ఉండేది. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిలు దిగి చూసేవారు.

ఇప్పుడు కాస్త కలిగినవాళ్ల పిల్లలు పసుపు బస్సులెక్కి టౌనుకు పోతున్నారు. మా బడికి వచ్చేది ఊరికి దక్షిణాన, చర్చి చుట్టూ ఉన్న పల్లె పిల్లలే. వాళ్ల తల్లిదండ్రులు పత్తి తీతకు, మిరప కోతకు పోతారు. మాఘమాసం వచ్చేసరికి ముఠా కట్టి, ట్రాక్టరెక్కి, అమరావతి దారిలోని మిరప చేలకు వెళ్లిపోతారు. ఎండలు ముదిరేదాకా చేను గట్టునే టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు. పిల్లల్ని ఇంటి దగ్గర చూసేవాళ్లు లేరు కాబట్టి వెంట తీసుకుపోతారు. వెంట వెళ్లిన పిల్లలు ఊరికే కూర్చోరు. ఇది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనని సంగతి.

ఆ ఏడు వానాకాలం వెళ్లాక మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడాడు.

"కోతల కాలంలో మళ్లీ వస్తానండి. అప్పుడు బెంచీలు ఖాళీగా ఉంటే, బడిని పక్క ఊరి బడిలో కలిపెయ్యమని రాయక తప్పదు."

"మా తాత కట్టించిన బడి ఇది."

"తెలుసండి. గోడ మీద రాయి చూశాను." చేతిలోని ఫైలు మూశాడు. "ఒక దారుంది. వాళ్లు చేలో ఉన్నా, మీ పాఠం వింటున్నారని చూపించండి. ఈ రోజుల్లో ఫోన్లో పాఠాలు వినని పిల్లలు ఎక్కడున్నారు? చూపించగలిగితే వాళ్లు మీ బడిలో ఉన్నట్టే రాస్తాను. నా మాట."

ఆయన జీపు వెళ్లిపోయాక నేను వరండాలో గంట కింద నిలబడ్డాను. గాలికి దాని నాలుక కదులుతోంది గానీ అంచుకు తగలడం లేదు.

ఫోన్లో పాఠం పెట్టే విద్య నాకు రాదు. వచ్చిన మనిషి పల్లెలోనే ఉంది. మా బడిలో చదివిన పిల్ల, చీరాల వైపు ఒక ఇంజనీరింగు కాలేజీలో ఆఖరి సంవత్సరం. వాళ్ల ముసలమ్మ మా మిల్లు ఆవరణలో పత్తి ఎండబోసేదట. కబురు చేస్తే ఆదివారం ఆరాధన అయ్యాక తెల్లచీర కట్టుకున్న తల్లితో కలిసి వచ్చింది. తల్లి గడప దగ్గరే ఆగిపోయింది. ఈ అమ్మాయి లోపలికి వచ్చి, నేను అనకముందే కుర్చీ లాక్కుని కూర్చుని, ల్యాప్‌టాప్ తాత బల్ల మీద పెట్టింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

"కాలేజీలో ఎటూ ప్రాజెక్టు చెయ్యాలి సార్. అందరూ పిజ్జా తెప్పించే యాప్‌లు చేస్తున్నారు. మా పల్లెలో పిజ్జా ఎవడు తింటాడు? ఇది చేస్తా."

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు నేను అనుకున్నవి కావు. ఏ తరగతి, ఏ పాఠం అని అడగలేదు.

"పొద్దున ఫోను ఎవరి దగ్గరుంటది సార్?"

"నాకెలా తెలుస్తుంది?"

"నాయన మొలలో ఉంటది. ఛార్జింగు?"

"చేలో కరెంటు మోటారు ఉండదూ?"

"మోటారు దగ్గర పెడితే రైతు ఊరుకోడు. సాయంత్రం ఊళ్లో కొట్టుకాడ పెడతారు. సిగ్నలు అక్కడే దొరికిద్ది. అంటే పాఠం ముందే ఫోన్లోకి దిగిపోయుండాలి. పొయ్యి వెలిగించినప్పుడు అమ్మకు ఫోను అక్కర్లేదు, నాయనకు అక్కర్లేదు. అప్పుడే పిల్లల చేతికొస్తది. మన బడి ఆ టైములో పెట్టాలి."

తెర మీద తాకే పని కూడా ఆమె చాలా తగ్గించింది. కోత కోసిన చేతులు ఎంత కడిగినా కారం పోదు, ఆ చేత్తో తెర తాకి అదే చేత్తో కన్ను నలుపుకుంటే పిల్ల రాత్రంతా ఏడుస్తుంది అంది. అందుకని అంతా వినడమే. పాఠం నా గొంతులో. ప్రశ్న అడిగి నేను ఆగితే, పిల్లలు నోటితోనే జవాబు చెప్పాలి. ఫోను ఆ జవాబు దాచుకుని, సిగ్నలు దొరికినప్పుడు నాకు పంపుతుంది. పాఠం విన్న ప్రతి పిల్లకూ నా ఫోనులో ఒక పచ్చచుక్క వెలుగుతుంది. ఆ పచ్చచుక్కలే అధికారికి చూపించాల్సినవి.

కొన్ని వారాలు ఆదివారాలన్నీ ఇదే పని. సామాన్ల గదిలో కిటికీకి దుప్పటి కట్టి నా చేత పాఠాలు చదివించేది. వాళ్ల మేనమామ కూతురు, మా బడిలోనే అయిదో తరగతి, వినడానికి కూర్చునేది. ఒకసారి నేను గుణకారం చెబుతుంటే ఆ పిల్ల ఆవులించింది.

"ఏమే, బాలేదా?" అంది ఈ అమ్మాయి.

"బానే ఉంది అక్కా. కానీ సారు చెబుతుంటే తప్పు చేసినట్టు అనిపిచ్చిద్ది."

ఇద్దరూ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. నా గొంతు మా తాత గొంతని ఊళ్లో అంటారు.

అంతా తయారయ్యాక నేను అడిగాను, గంట ఏదమ్మా అని.

"ఏ గంట సార్?"

"బడి గంట. గంట లేకుండా పాఠం ఏమిటి?"

ఆమె ఒప్పుకుంది. పాఠానికి ముందు, సాయంత్రం, మెల్లగా ఒక దెబ్బ పెడతానంది. నేను వద్దన్నాను. బడి పొద్దున మొదలవుతుంది. నాలుగు తరాలుగా పొద్దున్నే గంట మోగింది, అది మోగితేనే బడి. పిల్లలు సాయంత్రం పాఠం వింటే విననీ, గంట మాత్రం పొద్దున్నే, ఇక్కడ నేను కొట్టే వేళకే, అన్ని ఫోన్లలోనూ మోగాలి. చేలో ఉన్నా తాము ఒక బడి పిల్లలమని వాళ్లకు తెలియాలి.

ఆమె ల్యాప్‌టాప్ మూత కాస్త దించింది.

"పొద్దున కోతలో ఉంటారు సార్."

"ఉండనీ. వినపడితే చాలు."

"వినపడితే మన పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసుగా?"

"తెలుసు. అదే కావాలి."

"మా మామ మేస్త్రి. రైతుకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయన. పిల్లలు చేలో ఉన్నారని ఎవరికీ తెలియకూడదనే, రోడ్డు వారన సాళ్లు పెద్దోళ్లకిచ్చి పిల్లల్ని లోపలి సాళ్లల్లో పెడతారు. ఈ మధ్య పనిలో పిల్లలున్నారేమోనని లేబరాఫీసు జీపులు తిరుగుతున్నాయంట."

"దొంగతనంగా పాఠం చెప్పే ఇల్లు కాదు మాది."

ల్యాప్‌టాప్ మూత మళ్లీ ఎత్తింది. తర్వాత తెర మీద ఏదో చూపించింది. "సరే. పొద్దునే పెడతా. కానీ ఇక్కడ ఒక బటన్ పెట్టా చూడండి. గంట వద్దంటే ఆపుకోవచ్చు."

"ఎవరు ఆపుకోవచ్చు?"

"ఎవరికి ఇబ్బందైతే వాళ్లు."

"నువ్వు చదివేటప్పుడు ఎప్పుడైనా ఆపావా?"

"ఆపే వీలుంటే ఆపేదాన్నే సార్, చెప్పొద్దూ!"

"తీసెయ్యి."

"సార్..."

"బడి గంట ఆపే అధికారం పిల్లలకు ఎప్పుడూ లేదు. ఫోను నోరు మూసి ఉన్నా ఇది మోగాలి. అలారం మోగుతుందిగా, అలా."

బటన్ తీసేసింది. గంట రికార్డు చేసేటప్పుడు దెబ్బలు నేనే కొట్టాను. మా బడి పద్ధతి ప్రకారం ఒక దెబ్బ పూర్తిగా చచ్చేదాకా ఆగి ఇంకొకటి. ఆమె ఫోను పట్టుకుని గంట కింద నిలబడింది. మొదటి దెబ్బకే ఆమె ఖాళీ చెయ్యి గుండెల మీదికి వెళ్లింది. జోడించడానికి రెండో చెయ్యి లేదు. ఆ సంగతి ఆమె గమనించిందో లేదో తెలియదు.

ముఠా బయలుదేరే ముందురోజు పల్లెలో అందరి ఫోన్లలోనూ యాప్ ఎక్కించింది. వాళ్ల మేనమామ, ఆ ముఠా మేస్త్రి, పొడవాటి మనిషి, అందరినీ చర్చి ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క ఫోనూ తీసి మేనకోడలికి అందించాడు. "మన పిల్ల చేసింది, కాదనకండి," అంటున్నాడు. నేను దూరంగా, రోడ్డు మీదే నిలబడ్డాను. సరిచూడటానికి ఆమె ఒకసారి గంట మోగించింది.

ఇళ్లలోంచి, చొక్కా జేబుల్లోంచి, మంచం కింది నుంచి, సైకిలుకు తగిలించిన సంచిలోంచి ఒకే గంట ఒకేసారి మోగింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత ఖాళీ. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ నిలబడి చేతులు జోడించారు. గోళీలాడుతున్నవాడి గోళీ ఒకటి దొర్లుకుంటూ పోయి నా చెప్పు దగ్గర ఆగింది. కుక్కలు మొరగడం మానేశాయి. ఒక ముసలామె కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ గుడిసెలోంచి వచ్చి చర్చి గంట వైపు చూసింది.

"ఎవురు పోయారే?" అంది.

వాళ్ల చర్చిలో మనిషి పోతే అలాగే కొడతారు, ఒక్కో దెబ్బా విడివిడిగా. నాకది అప్పటిదాకా తెలియదు.

"ఎవురూ పోలేదత్తా, బడి గంట," అన్నాడు మేస్త్రి.

"బడి గంట బళ్లో మోగాల గానీ, మన కొంపల్లో ఎందుకురా?"

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు గానీ, తన ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇది ఆపాలంటే ఎట్టా అమ్మా?" అని మేనకోడల్ని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పు దగ్గరి గోళీ వైపు చూశాను. "ఆగదు మామా. అదే ఆగిద్ది," అంది.

ట్రాక్టరు మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయింది. వంట సామాను మీద, పట్టాల మడతల మీద పిల్లలు కూర్చున్నారు. అయిదో తరగతి పిల్ల చెయ్యి ఊపింది. మా రోడ్డు మీద ఆ ట్రాక్టరు దుమ్ము చాలాసేపు దిగలేదు.

సోమవారం మొదలుపెడదామన్నది నా మాటే. శివుడికి ఇష్టమైన రోజు, మంచి పని మొదలెట్టడానికి మా ఇంట్లో ఎప్పుడూ అదే రోజు. ఆ రోజు అమరేశ్వరుడి గుడికి కార్లు బారులు కడతాయని, అవి ఆ చేను పక్క రోడ్డు మీదుగానే పోతాయని నాకు తెలియనిది కాదు. తోచలేదు, అంతే.

ఆ పొద్దున ఖాళీ బడిలో నేను గంట కొట్టాను. ఒక్కో దెబ్బకూ, అక్కడ మిరప సాళ్లలో ఇదే దెబ్బ వినపడుతోందని అనుకున్నాను. మా ముత్తాత గంట ఊరి పొలిమేర దాటి అంత దూరం ఎప్పుడూ మోగలేదు. కొట్టడం అయ్యాక, ఎవరూ లేకపోయినా, చేతులు జోడించి నిలబడ్డాను.

సాయంత్రం ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యిలు వెలిగే వేళ అయింది. కొట్టు దగ్గర ఛార్జింగు పెట్టే వేళ దాటింది. చుక్కలన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి. మర్నాడూ అంతే. ఆమెకు ఫోను చేశాను.

"సిగ్నలు లేదేమో సార్," అంది. గొంతులో నమ్మకం లేదు. "మామ ఫోను స్విచాఫ్ వస్తంది. అత్తది కూడా."

తర్వాత అన్నీ స్విచాఫే.

ఆ వీడియో నాకు మా దూరపు బంధువు ఒకాయన పంపాడు. గుంటూరులో వ్యాపారం, మేము బాగా బతికిన రోజుల్లో మా ఇంట్లో భోజనం చేసి చదువుకున్నవాడు. వీడియో కింద పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టి, "చూశావా బావా, మిరప చేలో బొమ్మల కొలువు" అని రాశాడు. వాళ్లు నా బడి పిల్లలని ఆయనకు తెలియదు.

కారులో గుడికి పోయే కుర్రాళ్లెవరో అద్దం దించి తీశారు. రోడ్డు వారన నడుమెత్తు మిరప చేను, ఎర్రగా, దట్టంగా. కోతకు వంగిన ఆడవాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడటం లేదు. అంతలో గంట. చేను మొత్తం మీద, ఎక్కడెక్కడి నుంచో, నా గంట. లోపలి సాళ్లలోంచి పిల్లలు లేచారు. ముక్కుకు, నోటికి గుడ్డలు కట్టుకున్నారు, కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. నడుముకు కోత సంచులు వేలాడుతున్నాయి. కారం చేతులు గుండెల ముందు జోడించి, రోడ్డు వైపు తిరిగి, నిలబడ్డారు. తల్లులు చేతులు పట్టి లాగుతున్నారు. ఒకామె "కూకోండే, కూకోండి!" అని అరవడం వినపడుతుంది. మేస్త్రి గట్టు మీంచి పరిగెత్తుకొస్తున్నాడు. ఒక్క పిల్లా కూర్చోలేదు. కారులో కుర్రాడు, "ఒరేయ్, ఏందిరా ఇది, దెయ్యం పట్టిందా వీళ్లకి?" అంటున్నాడు. ఆఖరి దెబ్బ ఆగాక అందరూ ఒకేసారి సాళ్లలోకి వంగి మాయమయ్యారు. మళ్లీ ఎర్రటి చేను.

నిజం రాయాలి. చూసినప్పుడు నాకు మొదట కలిగింది గర్వం. ఇంత క్రమశిక్షణ ఏ పసుపు బస్సు బడిలోనూ లేదు. రెండోసారి చూశాకే లాగుతున్న తల్లుల చేతులు కనపడ్డాయి.

ఆ అమ్మాయి అప్పటికే చూసింది. "మా కాలేజీ గ్రూపులో వచ్చింది సార్. అందరూ నవ్వుతున్నారు. నేను వెళ్తున్నా." నేనూ వస్తానన్నాను. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గుంటూరు దాటాక మిరప ఘాటుకు బస్సులో అందరూ దగ్గారు. 

దారిలో అడుగుతూ పోతే చేను దొరికింది. గట్టున పట్టాలు కట్టిన గుంజల గుంటలు, మూడు రాళ్ల పొయ్యిలు, ఒక పొయ్యిలో తడిసిన బూడిద. మనుషులు లేరు. కోయని కాయ సాళ్లలోనే ఎండుతోంది. కల్లంలో కాయ తిరగేస్తున్న రైతు మమ్మల్ని చూసి పార పక్కన పెట్టాడు. నా పంచె, కండువా చూసి "రండి" అన్నాడు. ఊరి పేరు చెప్పగానే ముఖం మారింది.

"ఆ గంట బడి మీదేనా?"

"మాదే."

"మీకో దణ్ణమండి. జీపులో వచ్చినాళ్లకి పొద్దుటే చెప్పా, నా చేలో పసిపిల్లలు లేరని. సాయంత్రానికి ఆళ్లే నాకు వీడియో చూపించారు. సిగ్గు పోయిందండి నాకు. కేసు ఏమవుద్దో తెలీదు."

"ముఠా ఎటు పోయింది?" అని ఆ అమ్మాయి అడిగింది.

"నేనే పొమ్మన్నా. జీపు మళ్లొచ్చేలోపు పొమ్మన్నా. కృష్ణ దాటి పోయారని అన్నారు. ఎక్కడికో నాకెట్టా తెలుసుద్దమ్మా? ఆ మేస్త్రి అందరి ఫోన్లూ లాక్కుని ఇదిగో ఇట్టాంటి గోనెలో ఏసి మూతి కట్టాడు. మర్నాడు పొద్దున గోనెలోంచి మళ్లీ మోగిందండి ఆ గంట! కూలోళ్లు బెదిరిపోయారు. పిల్లలు చూడబోతే..." ఆగాడు. "సామాను ట్రాక్టరుకు ఎక్కిస్తా ఎక్కిస్తా, ఎక్కడోళ్లక్కడ దించేసి, నిలబడ్డారు. నాకు ఒళ్లు జలదరించింది."

ఆమె చేలోకి నడిచింది. లోపలి సాళ్లు కొన్ని తిరిగి వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"మీది పెద్ద ఇల్లని విన్నానండి," అన్నాడు రైతు నాతో. "మా నాయన మీ మిల్లుకు పత్తి తోలాడంట. పెద్దోళ్లు చెప్తే ఇనేవాళ్లం మేము. మీకు చెప్పేవాళ్లు ఎవురూ లేరా?"

 చెప్పిన మనిషి నా పక్కనే ఉంది. 

అధికారి అన్న మాట ప్రకారం కోతల కాలంలోనే వచ్చాడు. నేను ఫోను తెరిచి చుక్కలు చూపించబోలేదు. ఆయన కూడా అడగలేదు. కుర్చీ చూపిస్తే ఈసారి కూర్చున్నాడు.

"అది మా పైవాళ్ల దాకా వెళ్లిందండి. పిల్లలు బడిలో ఉన్నారని నేనెలా రాయను? చేలో ఉన్నారని లోకమంతా చూసింది. మీ గంటతో సహా."

"పాఠం వినేవాళ్లు. ఒక్క సాయంత్రం అవకాశం ఉంటే."

"అయి ఉండొచ్చు," అన్నాడు. ఆ మాట మర్యాదకు అన్నదని నాకు తెలుసు.

బడి పక్క ఊరి బడిలో కలిసింది. రెండు ఊళ్ల మధ్య వాగు, దాని మీద వంతెన లేదు. పల్లె పిల్లలు కొందరు వెళుతున్నారు, వాగు పారనప్పుడు. ముఠా ఎండలు ముదిరాక తిరిగి వచ్చింది గానీ, అయిదో తరగతి పిల్ల మళ్లీ ఏ బడికీ పోలేదు. కృష్ణ అవతల పొలంలో కోత బాగా నేర్చుకుందట. ఇప్పుడు తల్లితో సమానంగా సాలు పట్టి కోస్తుందని మేస్త్రి నాకు రోడ్డు మీద ఎదురైనప్పుడు చెప్పాడు. అతను నాకు దణ్ణం పెట్టడం మానలేదు. కానీ ఆగడం మానేశాడు.

ఆ అమ్మాయి ఒకసారి వచ్చింది. నేను అనేదాకా కూర్చోలేదు. గంట తీసేసి యాప్ మళ్లీ చేసిందట, పక్క జిల్లాలో ఎవరో సాయంత్రం బడికి అడిగారట.

"మీ గొంతు ఉంచమంటారా సార్?"

"నీ ఇష్టం."

"వేరే వాళ్లతో చదివిస్తా అయితే." లేచింది. గడప దగ్గర తిరిగి, "ఆ రోజు మీ చెప్పు దగ్గర గోళీ ఆగింది గుర్తుందా సార్? ఆ పిల్లాడు ఇప్పటికీ ఫోను మోగితే లేచి నిలబడతాడు. ఏ ఫోనైనా సరే. వాళ్లమ్మ నవ్వుతది. నాకు నవ్వు రాదు," అంది.

గంట లేని పాఠం పాఠం కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను. మా తాతా అదే అనేవాడు. ఆ మాట వినడానికి ఇప్పుడు బడి లేదు.

బడి స్థలాన్ని పత్తి గింజల వ్యాపారి గోడౌనుకు తీసుకున్నాడు. గంటను చీరాలలో పాత కంచు, ఇత్తడి కొనే దుకాణానికి తూకానికి అమ్మాను.